ఈ ఊరు హోటల్ కాదు

నమోదు 1

"మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని ఈ పెట్టె మీద రాసి ఉంది. కింద తెల్లగా ఖాళీ. ఎంతైనా రాసుకోవచ్చట. మీ కొత్త సాఫ్ట్‌వేర్‌లో నన్ను నాలుగు మాటలు రాయనిచ్చే చోటు ఇదొక్కటే, మిగతా అన్నిచోట్లా నొక్కే బొత్తాలే ఉన్నాయి. కాబట్టి ఎక్స్ఛేంజి నమోదులు ఇకమీద ఇక్కడే రాస్తాను. పీఠభూమి మీద చల్లగా కూర్చుని దీన్ని తయారుచేసిన మహానుభావులెవరో, చదువుకోండి.

నా పేరు ఓదెమ్మ. దిగుడూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నేను చూస్తాను. నా ముందు మా నాన్న చూశాడు. పాత బొగ్గుగని గ్యాలరీల్లో గోడలు తొలిచి కట్టుకున్న ఇళ్ళు మావి. పైన ఎండకు మనిషి నిలవడు కాబట్టి ఊరంతా కిందే కాపురం. పైన సోలార్ పలకలున్నాయి. వాటి మీద దుమ్ము తుడవకపోతే కింద గాలి తిరగదు, దీపం వెలగదు. అందుకని రోజూ తెల్లవారుజామున జోడీలు జోడీలుగా మనుషులు పైకి వెళ్ళి పలకలు తుడిచి, ఎండ ముదరకముందే దిగి వస్తారు.

ఈరోజు మీ సాఫ్ట్‌వేర్‌ని ఎక్కించారు. దాని పేరు సులువు. ఎక్కించినవాడు శశాంక్, మా ఊరి కమిటీకి పీఠభూమి నుంచి వచ్చిన కొత్త సెక్రటరీ. మంచి చదువే చదివాడు. నా కుర్చీలో కూర్చుని నన్ను పక్కన నిలబెట్టాడు.

తెర మీద మొదటి ప్రశ్న వచ్చింది. మీ సంస్థ ఏ రకం? దుకాణం, ఆసుపత్రి, పాఠశాల, హోటల్. అంతే. ఊరు అనే మాట లేదు. ఇవేవీ కావు అని చెప్పే దారి కూడా లేదు. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు కదలదు.

"హోటల్ పెడదాం" అన్నాడు శశాంక్.

"గదేంది సారూ? మాది హోటలా?"

"గ్యాలరీలున్నాయి, వరసగా గదులున్నాయి, గదికో ఫోనుంది. దీనికి అర్థమయ్యే భాషలో అది హోటలే ఓదెమ్మ గారూ. పేరుదేముంది, పని జరగాలి కానీ."

నొక్కేశాడు. తర్వాత గదులెన్ని అని అడిగింది. స్వాగత సంగీతం ఏది కావాలని అడిగింది. వేణువు, వీణ, వాన చప్పుడు. వాన చప్పుడు ఎంచుకున్నాడు. మా ఊళ్ళో సగం మంది పిల్లలకు అది దేని చప్పుడో తెలియదు. చివర్లో ఆకుపచ్చగా "పూర్తయింది" అనే బొత్తం వచ్చింది. అది నొక్కగానే, ఏ ఫోన్ ఎలా మోగాలో మా నాన్నా నేనూ ఒక్కొక్క వరుసా రాసిపెట్టుకున్న పట్టికలన్నీ పోయి, వాటి స్థానంలో మీ సులువు రాసుకున్న పట్టికలు వచ్చి కూర్చున్నాయి. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. అతను నవ్వుతూ నా వైపు తిరిగాడు.

"చూశారా? మొన్న మీరు జ్వరంతో పడుకుంటే రెండో గ్యాలరీ ఫోన్లు మూగబోయాయి. బాగుచెయ్యడం ఒక్కరికీ రాలేదు. ఊరి ఫోన్లన్నీ ఒక మనిషి తలకాయలో ఉండకూడదండీ. ఇప్పుడు ఎవరొచ్చినా నడపొచ్చు."

ఆ మాట నిజం. నిజం కాబట్టే ఒళ్ళు ఇంకా మండింది.

కింద ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడుగుతోంది. ఇవ్వను.

నమోదు 2

మా ఊరి పద్ధతి మీకు చెప్పినవాళ్ళు లేరు. మీరు అడగనూ లేదు. జరిగింది రాస్తాను, అదే తెలుస్తుంది.

పైన పలకల వరుసల పక్కన స్తంభాలకు ఫోన్ పెట్టెలు బిగించి ఉన్నాయి. వాటిలో మాట్లాడే వీలు లేదు. పనివాడు తన ఇంటి నంబరున్న బిళ్ళ పెట్టెలో పెట్టి, పక్కనున్న పిడి చేత్తో తిప్పుతాడు. ఒకసారి తిప్పితే కింద వాడి ఇంట్లో ఒక రింగు. ఒక రింగు అంటే చేరాను అని. రెండు అంటే దిగి వస్తున్నాను అని. మూడు అంటే నా కోసం రండి అని. ఇంట్లోవాళ్ళు ఫోన్ ఎత్తరు, విని ఊరుకుంటారు. పనికి వెళ్ళినవాడి పెళ్ళామో తల్లో రెండు రింగులు వినేదాకా గడప దాటదు. ఎండ ముదిరినా రెండు రింగులు రాలేదంటే వెతికే గుంపు పైకి వెళుతుంది.

ఇంకోటి పొడుగు రింగు. ఎత్తేదాకా ఆగకుండా మోగేది. అది ఇచ్చేది నేనొక్కదాన్నే. మనిషి పోయాడని చెప్పడానికి తప్ప ఇవ్వను. దిగుడూరులో ఫోన్ ఎత్తడమంటే చావు కబురు వినడమే. అందుకే నాతో ఎవరూ ఫోన్లో మాట్లాడరు. ఎదురుపడినా పొడిపొడిగా మాట్లాడి తప్పుకుంటారు. నాకది అలవాటైపోయింది.

ఇవాళ పొద్దున ఏ ఇంట్లోనూ ఒక్క రింగు కూడా మోగలేదు.

ముందుగా వచ్చింది స్వరూప, మా తమ్ముడు మొండయ్య భార్య. రెండు రింగులు వినేదాకా గడప దాటకూడని మనిషి గడప దాటి వచ్చింది.

"వదినె, ఆయిన ఇంకా రింగియ్యలే. పక్కింటోళ్ళకు గూడ రాలేదట. పైన ఏమయ్యింది?"

ఆమె వెనకాలే ఒక్కొక్కరూ వచ్చి గ్యాలరీ నిండిపోయారు. వెతికే గుంపు పెద్ద సదయ్య తడిగోనెలు కప్పుకుని మనుషుల్ని తీసుకుని పైకెక్కాడు. ఎక్కి చూస్తే అందరూ కులాసాగా పలకలు తుడుస్తున్నారు. మొండయ్య దిగివచ్చి నా మీదే కోపం చేశాడు.

"రింగిచ్చినం గదనే అక్కా. మాకైతే మంచిగనే ఇనబడ్డది. కింద ఇనబడకుంటే మేమేంజేత్తం?"

ఊరికే ఎండలో తిప్పినందుకు సదయ్యకు వడదెబ్బ తగిలింది. నోట మాట లేకుండా మంచం మీద పడున్నాడు.

ఇది చాలదన్నట్టు సాయంత్రం మీ సులువు ఇంకో ఘనకార్యం చేసింది. ఊళ్ళోని అన్ని ఇళ్ళకూ ఒకేసారి పొడుగు రింగు ఇచ్చింది. అన్ని ఇళ్ళకూ. నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరదాకా ఫోన్లు ఆగకుండా మోగుతుంటే, ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గోడల వెనక నుంచి ఏడుపులు మొదలయ్యాయి. ఇంకా ఫోన్ ఎత్తనే లేదు, ఏడుస్తున్నారు. మా తమ్ముడితో జోడీగా వెళ్ళే గట్టయ్య ఉన్నాడు కదా, వాళ్ళమ్మ లింగవ్వ, కొడుకు ఎదురుగా కూర్చుని తింటుంటే వాణ్ణి పట్టుకునే గుండెలు బాదుకుందట. చివరికి గట్టయ్యే ఫోన్ ఎత్తాడు. ముందు వాన చప్పుడు వచ్చిందట. తర్వాత తియ్యటి గొంతు.

"నమస్కారం. మా ఆతిథ్యం మీకు నచ్చిందా?"

తయారుచేసినవాళ్ళారా, మీరు నా ఎదురుగా లేకపోవడం మీ అదృష్టం.

నమోదు 3

తప్పు ఎక్కడుందో పట్టుకున్నాను. మీ సులువు వెనక్కి వెళ్ళి పట్టికలు తెరిచి చదివాను. మీరు హోటల్ అని నమ్మారు కదా, హోటల్లో అతిథులు పడుకుని ఉంటారు, పొరపాటున వచ్చిన కాల్స్ వాళ్ళ నిద్ర చెడగొట్టకూడదని మీ దయ. అందుకని మొదటి మూడు రింగులూ గదిలో వినబడకుండా మింగేస్తుంది. నాలుగో రింగు నుంచే ఫోన్ మోగుతుంది. చేసినవాడికి మాత్రం అన్నీ మోగినట్టే వినిపిస్తుంది. మా ఊరు బతికేది ఆ మూడు రింగుల మీద. మీరు ఏరి ఏరి వాటినే మింగారు.

మీ తెర మీద దీని గురించి ఒక్క ప్రశ్న లేదు. మార్చుకునే బొత్తం లేదు. పట్టికలో మాత్రం ఒక గడి ఉంది. ప్రతి బిళ్ళకూ ఒక వరుస, ఆ వరుసలో ఆ గడి. పొద్దంతా కూర్చుని అన్ని వరుసల్లోనూ దాన్ని మార్చాను. నా పాత పట్టికల్లో ఉన్నట్టే రాశాను. వెంటనే మోగించు, నువ్వు ఎత్తకు, ఏదీ మింగకు.

మర్నాడు రింగులు మోగాయి. స్వరూప తన ఇంటి గడపలో నిలబడి, నేను అటుగా వెళుతుంటే చెయ్యి ఊపింది. ఎన్నాళ్ళకో నన్ను చూసి ఊళ్ళో ఒక మనిషి చెయ్యి ఊపింది. ఆ పూట సంతోషంగానే ఉన్నాను, రాయడానికేం.

ఆ తర్వాత మూడో గ్యాలరీలో ఒక కొత్తజంట వేరు కాపురం పెట్టారు. వాళ్ళకు ఫోన్ కావాలి. నేను లేనప్పుడు శశాంక్ సులువు తెరిచి, కొత్త గది ఒకటి చేర్చి, "పూర్తయింది" నొక్కాడు. నొక్కగానే మీ సులువు పట్టికలన్నీ మళ్ళీ మొదటి నుంచి తానే రాసుకుంది. నేను చేత్తో రాసినవన్నీ తుడిచిపెట్టింది. అడగలేదు, చెప్పలేదు. ఇంటికి వచ్చిన చుట్టం వంటింట్లో సామానంతా తనకు నచ్చినట్టు సర్దేసి, మీకు సాయం చేశానని చెప్పినట్టుంది.

మళ్ళీ రింగులు లేవు. మళ్ళీ ఏడుపులు. మళ్ళీ గుంపు పైకి వెళ్ళింది, ఈసారి తిట్టుకుంటూ.

శశాంక్‌తో పోట్లాడాను. తలుపు తీసే ఉంది, ఊరంతా విన్నారు.

"సారూ, మీరు గా బొత్తం నొక్కినప్పుడల్లా నా పట్టికలు ఖరాబైతున్నయ్. నొక్కకుండ్రి. కొత్త ఇల్లు ఉంటె నాకు జెప్పుండ్రి, నేనొక్క వరుస రాత్త."

"మీరు వెనక నుంచి పట్టికలు కెలికితే సులువు లెక్క తప్పుతుంది ఓదెమ్మ గారూ. ఆ రెండూ ఒకేచోట నడవవు. ఏదో ఒకటే నడవాలి."

"గట్లయితే నాది నడవనియ్యుండ్రి."

"మీది మీకు తప్ప ఎవరికొచ్చు? నేర్పుతారా ఎవరికైనా?"

"అడిగినోడున్నడా ఇంతవరకు?"

"నేను అడిగాను. వచ్చిన మొదటివారమే అడిగాను. 'మీకు సమజ్ గాదు సారూ' అన్నారు."

అన్నాను. ఇప్పుడూ అంటాను. పైన పిడి తిప్పినవాడి బంధువుకు తప్ప ఆ గడి ఎందుకుందో తెలియదు. కానీ అంతమందిలో ఆ మాట అతని నోట వినేసరికి కోపం ఆగలేదు. ఆ కోపంలో బల్ల మీదున్న టీ గ్లాసు విసిరాను. అతనికి తగల్లేదు. గోడకు తగిలింది.

సాయంత్రం పట్టికల పాస్‌వర్డ్ మార్చేశాడు. కమిటీ సంతకంతో కాగితం కూడా అంటించాడు. రింగు రాలేదన్న కారణంతో ఎవరూ పైకి వెళ్ళరాదు. తెర మీద ఎర్రదీపం వెలిగితేనే వెతికే గుంపు కదలాలి.

ఎర్రదీపం ఎప్పుడు వెలుగుతుందో చూశాను. అతిథి రిసెప్షన్‌కు ఫోన్ చేసి ఎవరూ ఎత్తకపోతే వెలుగుతుంది. పైనున్న పెట్టెలు పనివాడి ఇంటికి తప్ప ఇంకెక్కడికీ మోగవు.

నమోదు 4

మీ దగ్గర నుంచి జవాబు వచ్చింది. నమ్మలేకపోయాను, నిజంగానే జవాబు.

"ఓదెమ్మ గారూ, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మీ హోటల్ అతిథులకు మరింత ప్రశాంతమైన నిద్రను అందించేందుకు నిరంతరం కృషి చేస్తున్నాం."

ఇంతకాలం రాసిందాంట్లో మీకు హోటల్ అనే మాట ఒక్కటే కనబడింది. సరే.

ఊళ్ళో జనం తలా ఒక దారి పట్టారు. కొందరు పైన పిడిని నాలుగుసార్లు, ఐదుసార్లు తిప్పడం మొదలుపెట్టారు. నాలుగో రింగు కింద మోగుతుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకు ఏదో ఒకటి వినిపిస్తుంది. చేరాడా, వస్తున్నాడా, రమ్మంటున్నాడా, అది మాత్రం తెలియదు. చాలామంది అదీ చేయరు. మొండయ్య అస్సలు చేయడు. నేనే బతిమాలాను.

"అరేయ్, నాలుగు తిప్పితె నీ సొమ్మేం పోతది రా? స్వరూప పానం కుదుటపడతది."

వాడు బూట్లకున్న దుమ్ము దులుపుకుంటూ తల ఎత్తలేదు.

"పొడుగు రింగు సావు కబురు అక్కా. నా ఇంటికి నా చేత్తోని నేనే ఇయ్యాల్నా? కింద ఎన్ని ఇనబడ్డా, నా చెయ్యి మూడు దాటితె దాని పానం పోతది. నాకు మనసు రాదు."

ఇదీ మా మనుషుల సంగతి. దీనికి మీ దగ్గర బొత్తం లేదు. మా వాడి మొండితనం మీద కోపం వచ్చింది, కానీ వాడి స్థానంలో ఉంటే నేనూ తిప్పను.

సాయంత్రాలు పొడుగు రింగులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆతిథ్యం నచ్చిందా, దిండ్లు మెత్తగా ఉన్నాయా. ఆపమంటే శశాంక్ వెతికాడు, నిజంగానే చాలాసేపు వెతికాడు. ఆపే బొత్తం దొరకలేదు. అది పట్టికలో ఉండి ఉంటుంది. పట్టిక నన్ను ముట్టనివ్వడు, అతనికి చదవడం రాదు. మొదట్లో ఆ రింగుకు గుండెలు బాదుకున్న ఊరే ఇప్పుడు విసుక్కుంటూ ఫోన్ ఎత్తి తిడుతోంది. పిల్లలైతే ఎత్తి వాన చప్పుడు వింటున్నారు. మా నాన్న కాలం నుంచి ఈ ఊళ్ళో పొడుగు రింగుకు ఒక బరువుండేది. అది ఉన్నందుకే జనం నన్ను దూరం పెట్టారు, అయినా ఆ బరువు ఉండాలి. దాన్ని దిండ్ల కోసం వాడుకున్నారు మీరు.

స్వరూప మాత్రం మారలేదు. రింగు రాదని తెలిసి కూడా, మొండయ్య దిగి గుమ్మంలో నిలబడేదాకా ఫోన్ పక్కనే కూర్చుంటుంది. సాయంత్రం రింగులకు ఊరంతా ఎత్తినా, అది ఒక్కతీ ఎత్తదు. చెవులు మూసుకుని కూర్చుంటుంది.

నమోదు 5

ఇవాళ పైన దుమారం లేచింది. లిఫ్టు గుంతలోంచి దుమ్ము కిందిదాకా రాలింది. పైకి వెళ్ళిన జోడీలన్నీ తలలకు గుడ్డలు చుట్టుకుని ముందే దిగివచ్చాయి. మొండయ్యా గట్టయ్యా రాలేదు.

ఎండ ముదిరింది. నేను శశాంక్ బల్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"సారూ, మా తమ్ముడు దిగలేదు. గట్టయ్య గూడ దిగలేదు. సదయ్యను పంపుండ్రి."

అతను తెర వైపు చూశాడు. "ఎర్రదీపం లేదండీ. వస్తుంటారేమో. దుమారంలో గుంపుని పంపితే వాళ్ళకేమైనా అయితే? మొదటిసారే సదయ్య చావు తప్పించుకున్నాడు."

సదయ్య అక్కడే ఉన్నాడు. ఇంకా పూర్తిగా కోలుకోలేదు. అతను నా కళ్ళలోకి చూడలేదు.

"ఒట్టిగ రెండుసార్లు ఎక్కిచ్చిన్లు ఓదెవ్వా. ఏ వరుసల ఉన్నరో తెలువకుంట యాడ దేవులాడాలె? పలకలు అంతులేకుంట ఉన్నయ్."

అతని మీద కూడా కోపం రాకపోలేదు. కానీ అతను అడిగింది న్యాయమే. ఏ పెట్టె దగ్గరున్నారో తెలియాలి. నా పట్టికలున్నప్పుడు రింగు వచ్చిన పెట్టె ఏదో నా ముందున్న దీపాల్లో కనబడేది. ఇప్పుడు ఆ దీపాలు లేవు. వాటి స్థానంలో మీ ముద్దొచ్చే హోటల్ బొమ్మ ఉంది. కిటికీలో పువ్వు కూడా ఉంది.

శశాంక్‌ని పక్కకు తోసి నేనే కూర్చున్నాను. మీ సులువులో ఉన్న బొత్తాలన్నీ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. గది శుభ్రత, అల్పాహారం, అతిథి సంతృప్తి. అతను "ఏం చేస్తున్నారు, జాగ్రత్త" అంటూనే ఉన్నాడు. చిట్టచివర్లో ఒకటి దొరికింది. "మేము మీ కోసం ఆపిన అంతరాయాలు." గొప్పగా చెప్పుకోవడానికి పెట్టుకున్నారు మీరు ఆ పేజీ. ఇన్ని కాల్స్ మీ అతిథుల దాకా రాకుండా ఆపాం చూడండి అని.

తెరిచాను. వరసగా మొండయ్య బిళ్ళ. చివరి వరుసల పెట్టె. మూడు రింగులు, ఆపాం. మూడు రింగులు, ఆపాం. కిందికి జరుపుతూ పోతే అదే, పేజీ నిండా అదే. పొద్దుటి నుంచి వాడు పిడి తిప్పుతూనే ఉన్నాడు. మూడేసి చొప్పున, మధ్యలో ఆగి, మళ్ళీ మూడు. ఒక్కసారి కూడా నాలుగు తిప్పలేదు. ప్రతి దాని పక్కనా ఆకుపచ్చ టిక్కు పెట్టి "అతిథికి భంగం కలగలేదు" అని రాసి ఉంది. మోగాల్సిన ఇల్లు, స్వరూప ఇల్లు. అది ఫోన్ పక్కనే కూర్చుని ఉంది.

పేజీ కింది వైపుకు వచ్చేసరికి మూడు కూడా లేవు. రెండు. ఒకటి.

"మా తమ్ముడు రమ్మంటుండు, చివరి వరుసల పెట్టె కాడ" అన్నాను.

సదయ్య అప్పటికే గోనెలు తడుపుతున్నాడు. ఎవరి సంతకం కోసమూ ఆగలేదు.

శశాంక్ నా భుజం మీదుగా ఆ పేజీ చదివాడు. కిందిదాకా చదివాడు. నేను తిడతానని ఎదురుచూశాడేమో. నాకు తిట్టే ఓపిక లేదు. అతను వంగి, నా ముందున్న మీటల మీద పట్టికల పాస్‌వర్డ్ తానే కొట్టాడు. కొట్టి ఒక్క మాట అన్నాడు.

"రాయండి."

రాశాను. ఒక్కొక్క వరుసా తెరిచి, గడిగడీ మార్చుకుంటూ రాశాను. ఆ సాయంత్రపు రింగుల గడి కూడా దొరికింది. దాన్ని చంపేశాను. స్వరూప ఇంటి వరుస అన్నిటికన్నా ముందు రాశాను.

నమోదు 6

దుమారానికి పలకల చట్రం ఊడి గట్టయ్య మీద పడింది. ఒక్కడి వల్ల కదిలేది కాదు. మొండయ్య అతణ్ణి వదిలి దిగిరావచ్చు, దిగి వస్తే తను బతుకుతాడు. రాలేదు. తన తలగుడ్డ తీసి గట్టయ్య మొహం మీద కప్పి, పెట్టె దగ్గరికీ గట్టయ్య దగ్గరికీ పాకుతూ తిరిగాడు. సదయ్య వెళ్ళేసరికి పిడి పట్టుకునే పడి ఉన్నాడు. అరచేతుల్లో తోలు లేదు. బతికి ఉన్నాడు. గట్టయ్య అప్పటికే లేడు. కొంచెం ముందు వచ్చుంటే ఉండేవాడని సదయ్య అన్నాడట. ఎవరినీ అనలేదు, ఊరికే అన్నాడు.

లిఫ్టులో ముందుగా దిగిన మనిషి ఈ కబురు ఎక్స్ఛేంజికి తెచ్చాడు. ఇక నేను చేయాల్సింది పొడుగు రింగు. లింగవ్వ ఇంటికి.

ఇన్నేళ్ళలో ఈ పనిని ఎవరి మీదికీ తోయలేదు. ఇవాళ రిసీవర్ తీసి శశాంక్ ముందు పెట్టాను.

"ఇది మీది సారూ."

"నాకు ఈ పద్ధతి తెలియదు ఓదెమ్మ గారూ."

"తెలువనిదేం లేదు. ఎత్తేదాంక మోగాలె. ఎత్తినంక మీ పేరు చెప్పాలె, పోయినోని పేరు చెప్పాలె. ఆళ్ళు పెట్టేదాంక మీరు పెట్టొద్దు."

వేరేవాళ్ళను పంపుదామంటాడనుకున్నాను. అనలేదు. రిసీవర్ చెవికి పెట్టుకున్నాడు. రింగు పోతోంది. చాలాసేపు పోయింది. నేను రెండో చెవిగొట్టంలో వింటున్నాను, అది కూడా ఈ పనిలో భాగమే. చివరికి లింగవ్వ ఎత్తింది. ఇతను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది.

"నచ్చలే. నాకేం నచ్చలే. మీ దిండ్లూ వద్దు, మీ వానా వద్దు. నా కొడుకింక దిగలేదని నేను ఏడుత్తుంటె, పెట్టెయ్ రా ఫోను."

శశాంక్ కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, నేను సులువుని కాదు. కమిటీ సెక్రటరీ శశాంక్‌ని. అమ్మా, గట్టయ్య..."

ఆ తర్వాత ఆమె పెట్టేదాకా అతను పెట్టలేదు. అది చాలా సేపు. ఆ సేపంతా అతని చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. నాకు జాలి కలగలేదు. కలగాల్సిందేమో, కలగలేదు.

ఫోన్ పెట్టాక అడిగాడు. "ఆ గడి... వెంటనే మోగించు అనేది. ఎక్కడుందో చూపిస్తారా?"

"రేపు" అన్నాను. సమజ్ కాదు అనలేదు.

మహానుభావులారా, మీ హోటల్ నుంచి ఒక అతిథి ఖాళీ చేశాడు. కావాలంటే మీ పేజీలో రాసుకోండి. ఈ పెట్టెలో నేను రాయడం ఇదే ఆఖరు. నక్షత్రాలు ఇస్తే గానీ మూసుకోదట. తెరిచే ఉండనీ.

మొండయ్యను లిఫ్టులో పడుకోబెట్టి దింపుతున్నారు. మెల్లగా దింపాలి, టైము పడుతుంది. స్వరూపకు ఏమీ తెలియదు. ముందు పొడుగు రింగు ఇచ్చి బతికే ఉన్నాడని చెబుదామనుకున్నాను. కానీ ఎత్తదు. ఎత్తేలోపే చచ్చిపోతుంది.

మొండయ్య బిళ్ళ సదయ్య ముందే కిందికి పంపాడు. దాని మీద తుడవని రక్తం ఉంది. ఎక్స్ఛేంజిలో పరీక్ష కోసం మా నాన్న పెట్టుకున్న పాత పెట్టె ఒకటి ఉంది, పైన ఉన్నలాంటిదే. బిళ్ళ అందులో పెట్టాను. పిడి ఒకసారి తిప్పాను. మళ్ళీ ఒకసారి తిప్పాను. ఆపి, చెవిగొట్టం పెట్టుకుని విన్నాను.

రెండు రింగులూ ఆ ఇంట్లో మోగాయి. ఎవరూ ఎత్తలేదు.